మనస్తత్వశాస్త్ర శాఖల్లో అధ్యాపక పరిశోధన: దక్షిణ భారతదేశం

విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర శాఖలోని అధ్యాపకులు స్వయంగా గానీ, తమ పర్యవేక్షణలోని పీహెచ్‌డీ విద్యార్థులతో కలిసి గానీ సాగించే శాస్త్రీయ అధ్యయనాన్ని అధ్యాపక పరిశోధన అంటారు. మనిషి ప్రవర్తన, ఆలోచన, ఉద్వేగం, జ్ఞాపకం, వ్యక్తిత్వం, మానసిక ఆరోగ్యం దీని విషయాలు. దక్షిణ భారతదేశంలో ఈ పరిశోధన 1924లో మైసూరు విశ్వవిద్యాలయంలో మొదలైంది. తెలుగు ప్రాంతంలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాఖ, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ శాఖ దీనికి ముఖ్య కేంద్రాలు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించే కర్ణాటకలోని రాయచూరు జిల్లా వంటి చోట్ల ఈ పరిశోధన ముందుకు వచ్చే ప్రధాన ప్రశ్న ఒకటుంది: మనసును కొలిచే సాధనం ఏ భాషలో ఉండాలి? ఈ వ్యాసం అధ్యాపక పరిశోధన చరిత్రను, రకాలను, పనితీరును, నిబంధనలను, దాని చుట్టూ సాగిన వివాదాలను వివరిస్తుంది.

## నిర్వచనం, పరిధి

శాఖలో జరిగే పనిని మూడు భాగాలుగా చూడవచ్చు: బోధన, పరిశోధన, సేవ. ఎం.ఏ., ఎం.ఎస్‌సీ. తరగతుల పాఠాలు, ప్రయోగశాల ప్రాక్టికల్స్ బోధన కిందకు వస్తాయి. కౌన్సెలింగ్ కేంద్రం నడపడం, పాఠశాలలకు, పోలీసు శాఖకు, పరిశ్రమలకు శిక్షణ ఇవ్వడం సేవ కిందకు వస్తాయి. పరిశోధన అనిపించుకోవాలంటే పనికి మూడు లక్షణాలు ఉండాలి. జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉండాలి. దానికి జవాబు వెతికిన పద్ధతిని మరొకరు మళ్లీ చేసి చూడగలిగేంత స్పష్టంగా రాయాలి. ఫలితాన్ని తోటి శాస్త్రవేత్తల పరిశీలనకు పెట్టాలి.

ఎం.ఏ. విద్యార్థి రాసే ప్రాజెక్టు నివేదిక సాధారణంగా శిక్షణలో భాగమే. అచ్చయితే తప్ప పరిశోధన లెక్కలోకి రాదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం విద్యార్థి పేరు మీదే ఉన్నా, అది శాఖ పరిశోధన ధారలో భాగం. ఒక ఆచార్యుడి దగ్గర ఇరవై ముప్పై ఏళ్లలో వచ్చిన సిద్ధాంత గ్రంథాల పేర్లు వరసగా చదివితే ఆ శాఖ ఏ ప్రశ్నను పట్టుకుని సాగిందో తెలిసిపోతుంది.

పరిభాష విషయంలో తెలుగులో రెండు మాటలు వాడుకలో ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో 'మనస్తత్వశాస్త్రం', 'మనోవిజ్ఞానశాస్త్రం' రెండూ కనిపిస్తాయి. మాటల్లో 'సైకాలజీ' అనడమే ఎక్కువ. 1968లో హైదరాబాద్‌లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు తెలుగు పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తెచ్చింది. విశ్వసనీయత, సప్రమాణత, పరికల్పన, సహసంబంధం వంటి మాటలు ఇలాంటి పుస్తకాల ద్వారా తరగతి గదుల్లోకి చేరాయి. అయినా పరిశోధన పత్రాలు మాత్రం దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే వెలువడతాయి.

## చరిత్ర

### తొలి శాఖలు

ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రానికి 1879ని ప్రారంభ సంవత్సరంగా చెబుతారు. విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లో ప్రయోగశాల నెలకొల్పిన ఏడాది అది. భారతదేశంలో తొలి శాఖ 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. హార్వర్డ్‌లో చదివి వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దాన్ని నడిపారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. 1924లో భారతీయ మనస్తత్వశాస్త్ర సంఘం ఏర్పడింది.

అదే ఏడాది మైసూరు విశ్వవిద్యాలయంలో రెండో శాఖ మొదలైంది. లండన్‌లో చార్లెస్ స్పియర్‌మన్ దగ్గర పరిశోధన చేసిన ఎం.వి. గోపాలస్వామి దాని తొలి అధిపతి. స్పియర్‌మన్ ప్రజ్ఞను సంఖ్యలతో కొలిచే సంప్రదాయానికి మూలపురుషుల్లో ఒకరు కాబట్టి, మైసూరు శాఖకు మొదటి నుంచీ మానసిక పరీక్షల మీద ఆసక్తి ఉండేది. గోపాలస్వామి పేరు మరో కారణంగా కూడా చరిత్రలో నిలిచింది. 1935లో ఆయన మైసూరులోని తన ఇంట్లో రేడియో కేంద్రం పెట్టి ప్రసారాలు సాగించారు. దాని పేరు 'ఆకాశవాణి'. తర్వాత ఆ పేరే జాతీయ ప్రసార సంస్థకు వచ్చింది.

### హైదరాబాద్ రాజ్యం, రాయచూరు

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య దోయాబుగా పేరుపడిన రాయచూరు ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యానికి ఏకైక విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడిన ఉస్మానియా. అప్పట్లో దాని బోధనా భాష ఉర్దూ. తెలుగు, కన్నడం, మరాఠీ మాతృభాషలుగా గల జిల్లాల విద్యార్థులు ఉన్నత శాస్త్రాలను ఉర్దూలో చదవాల్సి వచ్చేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత ఉన్నత విద్యకు ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం వైపు, 1980లో ఏర్పడిన గుల్బర్గా విశ్వవిద్యాలయం వైపు ఈ ప్రాంతం మళ్లింది. ఇటీవల గుల్బర్గా విశ్వవిద్యాలయ పరిధిని విడదీసి రాయచూరు, యాదగిరి జిల్లాలకు ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పాటు చేశారు. దాని ప్రాంగణం రాయచూరు సమీపంలోని యరగేరాలో ఉంది. దానికి ఆదికవి మహర్షి వాల్మీకి పేరు పెట్టారు.

### ఆంధ్ర విశ్వవిద్యాలయం

తెలుగు ప్రాంతపు మనస్తత్వశాస్త్ర పరిశోధనలో దేశం వెలుపల ఎక్కువగా చర్చకు వచ్చినది ఆంధ్ర విశ్వవిద్యాలయ సైకాలజీ, పారాసైకాలజీ శాఖ. 1967లో కోనేరు రామకృష్ణారావు దీన్ని స్థాపించారు. ఆయన 1932లో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి అక్కడే అధ్యాపకులయ్యారు. తర్వాత చికాగో విశ్వవిద్యాలయంలో అధ్యయనం చేసి, 1960ల మొదట్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్‌తో కలిసి పనిచేశారు. రైన్ 1934లో వెలువరించిన గ్రంథం అతీంద్రియ గ్రహణాన్ని ప్రయోగశాల పద్ధతుల్లో పరీక్షించాలని ప్రతిపాదించింది. తిరిగి వచ్చిన రామకృష్ణారావు సాధారణ మనస్తత్వశాస్త్రాన్ని, అతీంద్రియ గ్రహణం వంటి వాటిని పరిశీలించే పారాసైకాలజీని ఒకే శాఖలో బోధించే ఏర్పాటు చేశారు. ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి శాఖలు చాలా అరుదు.

శాఖ తొలి దశాబ్దపు పరిశోధనలో వ్యక్తిత్వ లక్షణాలకు, అతీంద్రియ పరీక్షల్లో వచ్చే మార్కులకు ఉన్న సంబంధం ప్రధానాంశం. బి.కె. కాంతామణి, రామకృష్ణారావు కలిసి బహిర్ముఖత్వం, భావోద్వేగ అస్థిరత వంటి లక్షణాలపై 1971-73 మధ్య పత్రాల వరసను ప్రచురించారు. రామకృష్ణారావు 1984-87లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. తర్వాతి కాలంలో ఆయన పరిశోధన చైతన్యం, ధ్యానం, యోగం, భారతీయ మనస్తత్వశాస్త్రం వైపు సాగింది. ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్‌లతో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన భారతీయ మనస్తత్వశాస్త్ర కరదీపిక 2008లో వెలువడింది. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2021లో మరణించారు.

### తిరుపతి, బెంగళూరు

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది. అక్కడి మనస్తత్వశాస్త్ర శాఖలో పి.వి. రామమూర్తి వృద్ధాప్యంపై పరిశోధనకు పునాది వేశారు. శాఖకు అనుబంధంగా వార్ధక్య పరిశోధన కేంద్రం ఏర్పడింది. రామమూర్తి, డి. జమున వృద్ధుల సర్దుబాటు, కుటుంబ సంరక్షణ, సంరక్షకుల భారం వంటి అంశాలపై రాసిన పత్రాలు భారతీయ వార్ధక్య అధ్యయనాల్లో తరచూ ఉదహరించబడతాయి.

బెంగళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో అది నిమ్హాన్స్‌గా మారింది. క్లినికల్ సైకాలజీ శిక్షణకు, పరిశోధనకు దేశంలో ఇదే ప్రధాన కేంద్రం. రాయచూరుకు ఆనుకుని ఉన్న బళ్లారి జిల్లాలో 1980ల రెండో భాగంలో నిమ్హాన్స్ నడిపిన ప్రాజెక్టులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి మానసిక వ్యాధులను గుర్తించి మందులివ్వడంలో శిక్షణ ఇచ్చారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఈ బళ్లారి నమూనాయే ఆధారం.

## పరిశోధన రకాలు

ప్రయోగాత్మక పరిశోధన. ప్రయోగశాలలో ఒక అంశాన్ని మార్చి, మిగతావన్నీ స్థిరంగా ఉంచి, ప్రవర్తనలో వచ్చే తేడాను చూస్తారు. గ్రహణం, అవధానం, జ్ఞాపకం, ప్రతిచర్యాకాలం ఇందులో సాధారణ విషయాలు. పాత శాఖల్లో మెమరీ డ్రమ్, టాకిస్టోస్కోపు, మిర్రర్ డ్రాయింగ్ పరికరాలు అద్దాల బీరువాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ పనిలో చాలాభాగం ఇప్పుడు కంప్యూటర్ మీద సాగుతోంది.

మానసిక మాపనం. ప్రజ్ఞ, వ్యక్తిత్వం, వైఖరి, ఒత్తిడి వంటి వాటికి మాపనులు తయారుచేయడం, ఇతర భాషల్లోని వాటిని మన భాషలోకి అనుసరించడం. 1955లో సి.ఎం. భాటియా రూపొందించిన కృత్య పరీక్షల సమాహారం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఇందులో ఐదు ఉపపరీక్షలున్నాయి. చెక్క దిమ్మెలతో నమూనా పేర్చడం, బొమ్మ ముక్కలు కలపడం వంటివి కావడంతో చదువురాని వారికీ ఉపయోగపడుతుంది.

సర్వే, సహసంబంధ పరిశోధన. శాఖల్లో సంఖ్యాపరంగా ఇదే ఎక్కువ. రెండు మూడు ప్రశ్నావళులు ఇచ్చి, చరాల మధ్య సంబంధాన్ని లెక్కిస్తారు. ఖర్చు తక్కువ, వ్యవధి తక్కువ. అయితే సంబంధం కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పడానికి వీల్లేదు.

క్లినికల్, ఆరోగ్య పరిశోధన. రోగ నిర్ధారణ సాధనాలు, చికిత్సా పద్ధతుల ఫలితాలు, దీర్ఘవ్యాధులున్న వారి మానసిక స్థితి దీని విషయాలు. ఆసుపత్రుల సహకారం లేకుండా సాగదు.

వికాస, విద్యా, సామాజిక, సంస్థాగత పరిశోధన. బాల్యం, కౌమారం, వార్ధక్యం, పాఠశాల అభ్యసనం, కులం, లింగం, వలస, పేదరికం, పని ఒత్తిడి, ఉద్యోగ సంతృప్తి.

భారతీయ, దేశీయ మనస్తత్వశాస్త్రం. యోగం, ధ్యానం, ఉపనిషత్తులు, బౌద్ధ గ్రంథాల్లోని మనో విచారణను ఆధునిక పద్ధతులతో జోడించే ప్రయత్నం. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ ధారకు ఒక కేంద్రం.

జ్ఞానశాస్త్రాలతో కలిసిన పరిశోధన. భాషాశాస్త్రం, నాడీ వైద్యం, కంప్యూటర్ శాస్త్రాలతో కలిసి సాగుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ద్విభాషుల మానసిక ప్రక్రియలపై ఇలాంటి పని జరుగుతోంది. అప్పట్లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఉన్న సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ ధారలో ప్రసిద్ధమైనది. మతిమరుపు వ్యాధి ఉన్న 648 మందిని పరిశీలిస్తే, ఒకే భాష వచ్చిన వారికన్నా రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చిన 391 మందిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది.

## పనితీరు

### ప్రశ్న నుంచి ప్రచురణ వరకు

అధ్యయనం సాహిత్య సమీక్షతో మొదలవుతుంది. దాని ఆధారంగా పరికల్పనలు రాస్తారు. తర్వాత పద్ధతి: ఎవరిని, ఎందరిని, ఎలా ఎంపిక చేయాలి, ఏ సాధనం వాడాలి, ఏ గణాంక పరీక్ష చేయాలి. సమాచార సేకరణకు ముందు కొద్దిమందితో ప్రయోగాత్మక పరిశీలన జరుపుతారు. దాన్ని శాఖల్లో 'పైలట్' అనే అంటారు. సమాచారం వచ్చాక విశ్లేషణ, నివేదిక, పత్రిక పరిశీలకుల వ్యాఖ్యలు, సవరణ, ప్రచురణ. మంచి పత్రికలో ఈ చివరి దశకే ఏడాది పట్టడం మామూలే.

సామాజిక ఆర్థిక స్థితి నమోదుకు రెండు భారతీయ మాపనులు విస్తృతంగా వాడతారు. పట్టణాలకు బి. కుప్పుస్వామి మాపని, ఇది చదువు, వృత్తి, ఆదాయం ఆధారంగా కుటుంబాన్ని ఐదు తరగతుల్లో ఒకదానిలో చేరుస్తుంది. ఆదాయపు అంకెలను ధరల సూచీ ప్రకారం ఎప్పటికప్పుడు సవరిస్తారు. పల్లెలకు ఉదయ్ పరీక్, జి. త్రివేది 1964లో రూపొందించిన మాపని. ఇందులో కులం, భూమి, ఇల్లు, పశువులు, వ్యవసాయ పనిముట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

### సాధనాన్ని భాష మార్చే విధానం

ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులోకి గానీ కన్నడంలోకి గానీ తేవడానికి స్థిరపడిన క్రమం ఉంది. రెండు భాషలూ వచ్చిన ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెంటినీ కలిపి ఒక ప్రతి చేస్తారు. మూలం చూడని మూడో వ్యక్తి ఆ ప్రతిని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. దీన్ని ప్రత్యనువాదం అంటారు. మూలానికి, ప్రత్యనువాదానికి తేడా వచ్చిన వాక్యాలను నిపుణులు మళ్లీ చూస్తారు. ఆపైన కొద్దిమందికి చదివి వినిపించి, 'ఈ మాటకు మీరేం అర్థం చేసుకున్నారు?' అని అడుగుతారు. చివరగా సాధనం ప్రతిసారీ ఒకేలా కొలుస్తుందా (విశ్వసనీయత), కొలవాల్సినదాన్నే కొలుస్తుందా (సప్రమాణత) అని లెక్కిస్తారు. అంతర్గత పొందికను కొలిచే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటితే పరిశోధనకు సరిపోతుందని సాధారణంగా భావిస్తారు.

ఈ క్రమం ఎందుకో ఒక్క మాట చూస్తే తెలుస్తుంది. రాయచూరు కన్నడంలోనూ, పొరుగున ఉన్న తెలుగులోనూ 'బేజారు' ఉంది. రెంటికీ అది ఉర్దూ ద్వారా వచ్చింది. కన్నడంలో బేజారు అంటే సందర్భాన్ని బట్టి విసుగు, దిగులు, మనస్తాపం మూడూ కావచ్చు. తెలుగులో అది ఎక్కువగా విసిగిపోవడాన్ని, అలసిపోవడాన్ని సూచిస్తుంది. దుఃఖానికి 'దిగులు', 'బాధ' వంటి మాటలు వేరే ఉన్నాయి. కుంగుబాటును కొలిచే ప్రశ్నావళిలో 'ఈ రెండు వారాల్లో మీకు బేజారుగా అనిపించిందా?' అని రెండు భాషల వాళ్లనూ అడిగితే, ఇద్దరూ అవునన్నా ఒకే విషయం చెప్పినట్టు కాదు. అలా వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చితే కనబడే తేడా మనుషులదో, మాటదో తెలియదు. ఆ ప్రశ్నను రెండుగా విడగొట్టడమో, వేరే మాట తీసుకోవడమో చేయాలి.

చదువురాని వారికి ప్రశ్నలు చదివి వినిపించాలి. 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'అసలు అంగీకరించను' దాకా ఐదు మెట్ల జవాబు చాలామందికి గందరగోళంగా ఉంటుంది. అలాంటప్పుడు ముందు అవునా కాదా అని అడిగి, తర్వాత 'కొంచెమా, చాలానా?' అని అడగడం ఒక పద్ధతి. బొమ్మలు చూపించి ఎంచుకోమనడం మరొకటి.

### అంకెల పరీక్ష: ఒక ఉదాహరణ

ఫలితం యాదృచ్ఛికమా కాదా అని తేల్చే తర్కం పారాసైకాలజీ కార్డు పరీక్షలో తేలిగ్గా అర్థమవుతుంది. జీనర్ కార్డుల కట్టలో 25 కార్డులుంటాయి. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం అనే ఐదు గుర్తులు ఒక్కొక్కటి ఐదేసి కార్డుల మీద ఉంటాయి. కనబడని కార్డు మీది గుర్తును ఊహించమంటారు. ఊరికే ఊహించినా సగటున 25కి 5 సరిపోతాయి. నాలుగు కట్టలు, అంటే 100 ఊహలు తీసుకుంటే సగటు 20, ప్రమాణ విచలనం దాదాపు 4. ఒకరికి 28 వస్తే అది సగటుకన్నా రెండు ప్రమాణ విచలనాలు ఎక్కువ. వినడానికి అసాధారణంగా ఉంటుంది. కానీ వందమందిని పరీక్షిస్తే, ఏ అతీంద్రియ శక్తీ లేకుండానే ఇద్దరు ముగ్గురికి అలాంటి మార్కు రావచ్చు. కాబట్టి ఎందరిని పరీక్షించారో, ఎన్ని పరీక్షల ఫలితాలు చెప్పకుండా వదిలేశారో తెలియకుండా ఒక్క మార్కును బట్టి నిర్ణయించలేం. ఈ సూత్రం ఒత్తిడి ప్రశ్నావళికైనా, జ్ఞాపక ప్రయోగానికైనా ఒకటే.

ఇలాంటి పరీక్షల్లోనూ భాష ఒక చరంగా ప్రవేశించింది. 1960ల తొలి సంవత్సరాల్లో రామకృష్ణారావు ఇంగ్లిష్, తెలుగు పదాలను లక్ష్యాలుగా పెట్టి 'భాషా పరీక్షలు' జరిపారు. రెండు రకాల లక్ష్యాలు కలిపి ఇచ్చినప్పుడు ఒకదానిపై సగటుకన్నా ఎక్కువ, మరోదానిపై తక్కువ మార్కులు వచ్చే ధోరణి ఉందని ఆయన ప్రతిపాదించారు. పారాసైకాలజీ సాహిత్యంలో దీన్ని భేదక ప్రభావం అంటారు.

## నిబంధనలు, నిధులు

పీహెచ్‌డీ ప్రమాణాలను విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ నిర్ణయిస్తుంది. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, సాధారణ గరిష్ఠ కాలం ఆరేళ్లు. ఆచార్యుడు ఒకేసారి ఎనిమిది మందికి, సహ ఆచార్యుడు ఆరుగురికి, సహాయ ఆచార్యుడు నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించకూడదు. అదే నిబంధనలు ఎం.ఫిల్.ను ఎత్తివేశాయి. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.కు మాత్రం తర్వాత కొంత గడువు ఇచ్చారు. క్లినికల్ సైకాలజిస్టుల నమోదు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి చూస్తుంది.

నిధులకు ముఖ్య ఆధారం 1969లో ఏర్పడిన భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధన మండలి. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణంలో ఉంది. దేశంలోని మనస్తత్వశాస్త్ర పరిశోధనను సమీక్షిస్తూ ఈ మండలి సంపుటాల వరసను వెలువరించింది. మొదటిదానికి ఎస్.కె. మిత్ర, తర్వాతి వాటికి ఉదయ్ పరీక్, జనక్ పాండే, గిరీశ్వర్ మిశ్రా సంపాదకులు.

మనుషులపై జరిగే అధ్యయనాలకు నైతిక సంఘం అనుమతి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు దీనికి ప్రామాణికం. పాల్గొనేవారికి అధ్యయనం గురించి వారి భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. చదువురాని వారి విషయంలో నిష్పాక్షిక సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకుంటారు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా అవసరం. ఆమోదం పొందిన సిద్ధాంత గ్రంథాల ప్రతులు 'శోధగంగ' అనే జాతీయ అంతర్జాల భాండాగారంలో చేరతాయి.

## రాయచూరు ప్రాంత ప్రత్యేకత

2011 జనాభా లెక్కల్లో రాయచూరు జిల్లా జనాభా 19 లక్షలకు పైగా, అక్షరాస్యత దాదాపు 60 శాతం. కేంద్ర ప్రభుత్వం 2018లో ఆకాంక్షిత జిల్లాలుగా ఎంపిక చేసిన వాటిలో ఇదొకటి. 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371(జె) అధికరణం ఈ ప్రాంతానికి విద్య, ఉద్యోగాల్లో ప్రత్యేక ఏర్పాట్లు కల్పించింది. హైదరాబాద్ కర్ణాటకగా పిలిచిన ఈ ప్రాంతానికి 2019లో కల్యాణ కర్ణాటక అని పేరు మార్చారు.

పరిశోధకుడి దృష్టిలో ఈ జిల్లా ఒకే సమూహం కాదు. తూర్పున తెలంగాణలోని గద్వాల, నారాయణపేట ప్రాంతాలు. దక్షిణాన తుంగభద్ర దాటితే కర్నూలు జిల్లా. సరిహద్దు పల్లెల్లో తెలుగు, కన్నడం రెండూ ఇంటి భాషలే. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు పరిసరాల్లో కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను 'క్యాంపులు' అంటారు. సింధనూరు దగ్గరే బెంగాలీ శరణార్థుల పునరావాస క్యాంపులూ ఉన్నాయి. లింగసుగూరు తాలూకాలో హట్టి బంగారు గనులు, కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. రాయచూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి.

ఇలాంటి చోట నమూనా ఎంపిక చేసేవారు మొదట తేల్చుకోవాల్సింది భాష. పాల్గొనే వ్యక్తి ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివి, సంతలో దక్కనీ ఉర్దూ వాడుతుండవచ్చు. చదివి రాసే పరీక్షకు బడి భాష అనువు. ఉద్వేగాల గురించిన ప్రశ్నకు ఇంటి భాష అనువు కావచ్చు. అందుకే పాల్గొనేవారి ఇంటి భాష, బడి భాష, పరీక్ష ఇచ్చిన భాష మూడూ నమోదు చేయాలి. తెలుగులో ప్రామాణీకరించిన సాధనం కోస్తా మాటలతో ఉంటే, అది సింధనూరు క్యాంపుల్లో పనికివచ్చినా గద్వాల సరిహద్దు పల్లెల్లో మళ్లీ సరిచూడాల్సి ఉంటుంది.

## విమర్శలు, వివాదాలు

*అరువు ప్రశ్నలు.* పాశ్చాత్య సిద్ధాంతాలను భారతీయ నమూనాపై మళ్లీ పరీక్షించడమే ఎక్కువగా జరుగుతోందన్న విమర్శ పాతది. అలహాబాద్‌కు చెందిన దుర్గానంద్ సిన్హా పేదరికం, గ్రామీణ మార్పు వంటి స్థానిక సమస్యల నుంచి పరిశోధన మొదలు కావాలని వాదించారు.

*నమూనా పరిమితి.* ప్రపంచ జనాభాలో పాశ్చాత్య పారిశ్రామిక దేశాల వాటా దాదాపు 12 శాతం కాగా, ప్రముఖ పత్రికల అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం అక్కడివారేనని 2010లో జోసెఫ్ హెన్రిక్, సహరచయితలు ఎత్తిచూపారు. భారతీయ శాఖల్లో ఈ సమస్య మరో రూపంలో ఉంది. తేలిగ్గా దొరికే కళాశాల విద్యార్థులే తరచూ నమూనా అవుతారు.

*పునరావృతి.* 2015లో ఒక అంతర్జాతీయ బృందం 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా సార్థకమైన ఫలితాలు చూపగా, పునరావృత అధ్యయనాల్లో అది 36 శాతమే.

*పారాసైకాలజీ.* 1987లో ఒక ప్రముఖ పత్రిక రామకృష్ణారావు, జాన్ పామర్‌ల సమర్థన పత్రాన్ని, జేమ్స్ ఆల్కాక్ విమర్శ పత్రాన్ని పక్కపక్కన ప్రచురించి, ఇతర శాస్త్రవేత్తల వ్యాఖ్యలు కోరింది. సంచిత ఫలితాలను కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయలేమని సమర్థకుల వాదన. పద్ధతి లోపాలు తొలగించినప్పుడు ఫలితాలు స్థిరంగా నిలవడం లేదని, వివరించే సిద్ధాంతం లేదని విమర్శకుల వాదన. శాస్త్రవేత్తల్లో అత్యధికులు అతీంద్రియ గ్రహణం రుజువైనట్టు అంగీకరించరు. 2011లో డారిల్ బెమ్ ప్రచురించిన భవిష్యద్గ్రహణ ప్రయోగాలను ఇతరులు పునరావృతం చేయలేకపోవడం మొత్తం మనస్తత్వశాస్త్ర పద్ధతులపైనే చర్చకు దారితీసింది.

*పత్రాల సంఖ్య.* 2010 నుంచి యూజీసీ పదోన్నతులను పత్రాల మార్కులతో ముడిపెట్టింది. దీంతో నాసిరకం పత్రికలు పెరిగాయన్న విమర్శ వచ్చింది. ఆమోదిత పత్రికల జాబితా ఒకటి 2019లో అమల్లోకి వచ్చి, 2025లో రద్దయింది.

## ప్రాముఖ్యం

అధ్యాపక పరిశోధన ప్రభావం నాలుగు చోట్ల కనిపిస్తుంది. మొదటిది చికిత్స: స్థానిక భాషలో సరిచూసిన సాధనం ఉంటేనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుంగుబాటును, ఆందోళనను గుర్తించగలరు. బళ్లారి నమూనా జాతీయ కార్యక్రమంగా మారడం పరిశోధన విధానంగా పరిణమించిన సందర్భం. రెండోది విద్య: అభ్యసన వైకల్యాల గుర్తింపు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ధ్రువీకరణ వంటివి ప్రామాణిక పరీక్షల మీద ఆధారపడతాయి. తప్పు భాషలో పరీక్షించిన పిల్లవాడికి మందబుద్ధి అన్న ముద్ర పడే ప్రమాదం ఉంది. మూడోది కుటుంబం, సమాజం: తిరుపతి వార్ధక్య అధ్యయనాలు వృద్ధుల సంరక్షణను పరిశోధన విషయంగా నిలబెట్టాయి. నాలుగోది శాస్త్రం: ద్విభాషుల మీద హైదరాబాద్‌లో జరిగిన అధ్యయనం వంటివి బహుభాషా సమాజంలో మాత్రమే సాధ్యమవుతాయి. ఏకభాషా దేశాల ప్రయోగశాలలకు అడ్డంకిగా కనిపించే భాషా వైవిధ్యం ఇక్కడ అధ్యయన వస్తువు. రాయచూరు వంటి జిల్లాల్లో ఏర్పడుతున్న కొత్త విశ్వవిద్యాలయాలకు ఆ వస్తువు ప్రాంగణం గేటు దగ్గరే దొరుకుతుంది. దాన్ని కొలవడానికి తెలుగులోనూ, కన్నడంలోనూ, దక్కనీలోనూ సరిచూసిన సాధనాలు అవసరం.

## ఇవీ చూడండి

ఆంధ్ర విశ్వవిద్యాలయం, కోనేరు రామకృష్ణారావు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, దేశీయ మనస్తత్వశాస్త్రం, ద్విభాషిత్వం, నిమ్హాన్స్, పారాసైకాలజీ, ప్రత్యనువాదం, మానసిక మాపనం, రాయచూరు జిల్లా, వార్ధక్యశాస్త్రం.